పీట మీద కోలలు

అక్కా,

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్కడ నువ్వు, బావ, సుజాత, అమ్మ అందరూ కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను. అమ్మ మోకాళ్ళు ఎట్లా ఉన్నాయి? బిందె ఎత్తనివ్వకు. ఆవిడ ఎత్తుతానంటుంది, నువ్వు సరే అంటావు, నాకు తెలుసు.

ఫోను ఉండగా ఈ ఉత్తరం ఏమిటని అనుకుంటావు. ఫోనులో నేను అసలు సంగతి ఎత్తగానే నీకు సిగ్నల్ పోతోంది. కాగితానికి ఆ బెడద లేదు. పక్కింట్లో పనిచేసే రెంటచింతల మరియమ్మ సెలవు మీద వస్తోంది, ఆమె చేతికి ఇస్తున్నాను. సంచిలో అమ్మకు నొప్పుల నూనె, సుజాతకు గడియారం ఉన్నాయి. తిరిగి వచ్చేటప్పుడు ఆమెకు గోంగూర పచ్చడి ఇచ్చి పంపు. ఎండుమిరపకాయలు దండిగా వెయ్యి. ఈ ఇంట్లో కారమంటే మిరియాలు. ఏడాదిగా నా నాలుక పస్తులుంటోంది.

కువైట్ ఎండ గురించి అమ్మ ప్రతిసారీ అడుగుతుంది. పల్నాడు ఎండలో పుట్టి పెరిగినదాన్ని, ఈ ఎండ నన్నేం చేస్తుంది! నాకు పడనిది ఏసీ. వంట, పిల్లల స్నానాలు, ఇస్త్రీ, ఆ తర్వాత మేడమ్ తల్లికి కాళ్ళు ఒత్తడం. ముసలమ్మ మంచిదే. నా పేరు మాత్రం ఎవరికీ పట్టలేదు. నాకు ముందు పనిచేసినామె పేరుతోనే ఇంటిల్లిపాదీ పిలుస్తారు, నేను పలుకుతాను. మొన్న కూర కలుపుతూ నాకు తెలియకుండానే గిన్నె అంచు మీద గరిటెతో కోలాటం నడక వేశాను. మేడమ్ వచ్చి గరిటె లాక్కుని, తలనొప్పి అని సైగ చేసి వెళ్ళింది. కొట్టలేదు, తిట్టలేదు. నా గురించి మీరేం దిగులు పెట్టుకోకండి. తింటున్నాను, పడుకుంటున్నాను, బాగానే ఉన్నాను.

శుక్రవారం కాస్త తీరిక దొరికితే నాన్న సంవత్సరీకానికి ఊళ్ళో జరిగిన సంస్మరణ సభ వీడియో చూశాను. సుజాత పంపింది. నువ్వు పంపలేదు. ఎందుకు పంపలేదో చూశాక అర్థమైంది.

ఎంత పెద్ద ఫ్లెక్సీ అక్కా! "కోలాటం, చెక్కభజనల మహాగురువు పిచ్చయ్య గారు" అట. బతికుండగా ఆ ఊళ్ళో ఎవరైనా ఆయన్ని గారు అనడం నువ్వు విన్నావా? పిచ్చిగా అని పిలిచేవాళ్ళు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు, అట్లా ఉంది వాళ్ళ పొగడ్త. ఒకాయన నాన్న చాలా శాంతమూర్తి అన్నాడు. నాకు నవ్వొచ్చింది. అడుగు తప్పితే కోలతో పిక్క మీద కొట్టేవాడు, నీ పిక్క మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. "నోటికి చెప్తే చెవి వింటది, కాలికేం తెలుస్తదే?" అనేవాడు. దున్నిన చేలోకి తీసుకెళ్ళి ఆ మట్టిగడ్డల మధ్య ఎగిరించేవాడు. గడ్డల్లో కాలు తడబడనివాడు బండ మీద ఎక్కడైనా ఆడతాడని ఆయన లెక్క. మనం ఏడుస్తూ ఎగిరేవాళ్ళం. కానీ ఆయన పిల్లలు వలయం కట్టి తిరుగుతుంటే అన్ని జతల కాళ్ళకు కలిపి ఒకటే చప్పుడు వచ్చేది. అది చేసింది నాన్న. ఆ ముక్క ఒక్కళ్ళూ చెప్పలేదు.

సభలో నడి కుర్చీలో కూర్చున్న శ్రీనివాసరావును చూడగానే నాకు రామాలయం ముందు జరిగిన గజ్జెపూజ గుర్తొచ్చింది. నువ్వు మరిచిపోయినట్టున్నావు. మళ్ళీ చెబుతాను, విను.

అప్పుడు మనం చిన్నపిల్లలం. పై వీధి కుర్రాళ్ళకు ఆ వేసవంతా నాన్న కోలాటం, చెక్కభజన నేర్పాడు. ఇంటికి ఒక రోజు చొప్పున భోజనం పెట్టారు, అరుగు మీద, విస్తట్లో. నేర్చుకోవడం పూర్తయ్యాక గజ్జెపూజ. ఆ రోజు శిష్యులంతా గురువు కాళ్ళు కడిగి, మొక్కి, ఆయన చేత గజ్జెలు కట్టించుకోవాలి. అది తరాలుగా వస్తున్న పద్ధతి. చెంబులో నీళ్ళున్నాయి, పసుపుంది, కుంకుముంది. నాన్న కొత్త పంచె కట్టుకుని కాళ్ళు చాపి కూర్చున్నాడు. ఒక్కడూ వంగలేదు. అప్పుడు ఈ శ్రీనివాసరావే, మీసాలు కూడా సరిగా రానివాడు, నాన్న పక్కనున్న కోలలు తీసి పీట మీద పెట్టాడు. "కోలలకి మొక్కితే నీకు మొక్కినట్టే గదా పిచ్చిగా" అన్నాడు. పెద్దవాళ్ళంతా వాడి తెలివికి మురిసిపోయారు. కుర్రాళ్ళు వరసగా వచ్చి పీటకు మొక్కారు. పసుపునీళ్ళు కోలల మీద పోశారు. నాన్న చాపిన కాళ్ళు మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

"పోదాం పా నాన్నా" అన్నావు నువ్వు. నువ్వే అన్నావు అక్కా. నేను నీ లంగా పట్టుకుని నిలబడి ఉన్నాను.

"నోరు ముయ్యవే" అని నాన్న వాళ్ళందరికీ వంగి గజ్జెలు కట్టాడు.

ఆ తర్వాతే ఆయన పద్ధతి మార్చాడు. ఏ ఊరు పిలిచినా మొక్కు ముందు, ఆట తర్వాత అన్నాడు. "ఆఖర్న మొక్కుతామంటే నేను నమ్మను. మొదటి రోజే కాళ్ళు కడగండి, అప్పుడే అడుగేపిస్తా." ఊళ్ళు నవ్వాయి, తర్వాత పిలవడం మానేశాయి. బొల్లాపల్లి వైపు మన వాడల్లో తప్ప ఇంకెక్కడా ఆయనకు గురువు పని దొరకలేదు. మాచర్ల పోయి నాపరాళ్ళు పాలిష్ చేసే పనిలో చేరాడు. తెల్లటి పొడిలో మునిగి ఇంటికొచ్చేవాడు, దగ్గేవాడు. అమ్మ ఎన్నిసార్లు బతిమాలిందో! "నీ కాళ్ళేమన్నా దేవుడి కాళ్ళా, దిగిరారాదా?" అనేది. ఆయన దిగలేదు. చివరికి మాట్లాడితే ఆయాసం, పడుకుంటే ఆయాసం. ఆ ఊపిరితిత్తులతోనే సుజాతకూ దాని తోటి ఆడపిల్లలకూ నువ్వు కోలాటం నేర్పుతుంటే గోడకానుకుని చూసి, వేలితో తాళం వేసేవాడు. పోయే ముందు గజ్జెలు నీ ఒళ్ళో పెట్టాడు. నా ఒళ్ళో పెట్టలేదు. నాకు అప్పుడు కుళ్ళుగానే ఉండింది, ఇప్పుడు చెబుతున్నాను.

ఆ గజ్జెలు వీడియోలో చూశాను. నువ్వు పళ్ళెంలో పెట్టుకుని స్టేజీ ఎక్కావు. శ్రీనివాసరావు తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. ఇక మీదట ఊరి బృందానికి ఆయనే గురువని మైకులో చెప్పారు. పిల్లలంతా వచ్చి ఆయన కాళ్ళకు మొక్కారు. అంతవరకు నేను ఓర్చుకున్నాను. చివర్న నువ్వు కొంగు భుజం చుట్టూ కప్పుకుని వంగావు. నుదురు ఆయన పాదానికి తగిలేదాకా వంగావు. వెనక గోడకు వేలాడుతున్న ఫోటోలోంచి నాన్న చూస్తున్నాడు. నేను ఫోను బోర్లా పెట్టేసి ఇస్త్రీకి పోయాను.

అమ్మను అడిగాను. "పోనీలేవే, మీ నాయన ఫోటోకి దండేశారు గదా, చానామంది వచ్చారు" అంది. ఆవిడకు అది చాలు. బడిలో వంటపని నీకు వేయించింది శ్రీనివాసరావేనని కూడా అమ్మే చెప్పింది, సంతోషంగా చెప్పింది.

నిన్ను అడిగితే ఏమన్నావు? "నీకేందే, అక్కడ కూర్చుని చానా చెప్తావు. ఊళ్ళో బతికేది నేను. నువ్వు మాత్రం అక్కడ ఎవురి కాళ్ళూ పట్టుకోవట్లేదా?" అన్నావు. ఆ మాట దగ్గరే సిగ్నల్ పోయింది.

పట్టుకుంటున్నాను అక్కా. రోజూ పట్టుకుంటున్నాను. ముసలమ్మ కాళ్ళు వాచి ఉంటాయి, నూనె రాసి ఒత్తుతాను, నెలాఖరున జీతం తీసుకుంటాను. ఆవిడ మన నాన్నను ఏమీ అనలేదు. ఆవిడ కాళ్ళు ఒత్తడానికి నేను నాన్న వస్తువేదీ తీసుకెళ్ళి ఇవ్వలేదు. నీకు వంటపని కావాలంటే అడుక్కో, తప్పులేదు, పేదవాళ్ళం. సొంత గజ్జెలుంటే అమ్ముకో. నాన్న గజ్జెలు నీవి కావు. అవి మెత్తబడని ఒక మనిషి ఊపిరితో కొన్నవి. నువ్వు వాటిని పళ్ళెంలో పెట్టి, ఏ కాళ్ళు కడగడానికి వాడు వంగలేదో ఆ కాళ్ళ బిడ్డవై ఉండి, వాడి కాళ్ళ మీద పడ్డావు. నాన్నను దగ్గు చంపింది ఒకసారే. రెండోసారి చంపింది నువ్వు. నేను ఎక్కువ రాస్తున్నానని నాకు తెలుసు. కొట్టివేయను.

గజ్జెలు తిరిగి అడగమని చెప్పను. అడిగితే నీ పని పోతుంది, సుజాత కాలేజీ ఆగిపోతుంది. ఆ లెక్క నాకూ వచ్చు. అందుకే నీ మీద ఇంకా కోపంగా ఉంది, నువ్వు చేసింది తప్పని తేలిగ్గా అనడానికి కూడా లేకుండా చేశావు. సుజాత వీడియో పంపుతూ కింద ఒక మాట రాసింది: "పిన్నీ, నేను మొక్కలేదు, కళ్ళు తిరుగుతున్నాయని వచ్చేశా." ఈ సంగతి నీకు తెలియదేమో. దాన్ని ఏమీ అనకు. అన్నావని తెలిస్తే నేను ఊరుకోను.

బావకు నమస్కారాలు చెప్పు. రామకోటి బాబాయిని, పక్కింటి అత్తను అడిగానని చెప్పు. ఆరోగ్యం జాగ్రత్త, పొగలో ఎక్కువసేపు ఉండకు, బడిలో పెద్ద గిన్నెలు ఒక్కదానివే దించకు. నేను బాగానే ఉన్నాను.

పెద్దదానివి, నీ పాదాలకు నమస్కరించి ఉత్తరం ముగించాలి. ఈసారి ఆ మాట రాయడానికి చెయ్యి రావట్లేదు. అమ్మ కాళ్ళకు మాత్రం నా తరఫున మొక్కించు. సుజాత చేత మొక్కించు, నువ్వు వద్దు.

నీ చెల్లెలు,
నాగమణి