ప్రార్థన పేజీలో ఎర్ర అక్షరాలు

జూన్ 9, 2024. ఆదివారం

మా జమ్మలమడుగు చర్చి వెబ్‌సైట్ ఈరోజు మొదలైంది. ప్రొద్దుటూరులో వెబ్‌సైట్లు చేసుకు బతికే నేను ఈ చర్చికి పెద్ద ఇంజనీర్‌ని! ప్రార్థన మనవులు పంపే పేజీ అందరికీ నచ్చింది. "పాస్టర్ గారికి మాత్రమే" అనే గడిలో టిక్ పెడితే జోసఫ్ పాస్టర్ గారు తప్ప ఎవరూ చదవలేరు.

రత్నమణి టీచర్‌కి మాత్రం ఒక లోటు కనిపించింది. సండే స్కూల్లో నాకు వాక్యాలు నేర్పింది ఆమే. బైబిల్లో ప్రభువు మాటలు ఎర్రగా ఉంటాయి కదా, మనవిలో రాసుకుంటే ఇక్కడెందుకు నల్లగా ఉన్నాయని అడిగింది.

జూన్ 11

ఎర్ర బటన్ పెట్టాను. రంగు రావాలంటే మనవిలో కోడ్‌ను రానివ్వాలి. రంగు కోడ్ ఒక్కటే వదిలి మిగతాది ఆపొచ్చు, అరపూట పని. బద్ధకమేసి, కోడ్‌ను ఆపే ఫిల్టర్ మొత్తం తీసేశాను. చర్చి సైట్‌ను ఎవడు హ్యాక్ చేస్తాడులే.

జూలై 2

పులివెందుల నుంచి కూడా మనవులు వస్తున్నాయి. గర్వంగా ఉంది, దాచుకోవడమెందుకు.

జూలై 19, సాయంత్రం

కొంప మునిగింది. రహస్య మనవులన్నీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నాయి.

డేటాబేస్ తెరిచి చూశాను. ఎవడో మనవి పేరుతో దొంగ కోడ్, అదే స్క్రిప్ట్, పంపాడు. పేజీ దాన్ని భద్రంగా దాచుకుంది. పాస్టర్ గారు లాగిన్ అయి మనవులు తెరిచినప్పుడల్లా అది ఆయన బ్రౌజర్లో నడిచింది. ఆయన చూడగలిగినవన్నీ వాడికి చేరిపోయాయి. ఆయన తప్పేమీ లేదు. తలుపు తీసి పెట్టింది నేను.

అందులో రత్నమణి టీచర్ మనవి ఉంది. కొడుకు జాన్సన్ ఎర్రగుంట్ల వైపు ఒక ఫ్యాక్టరీలో క్రేన్ నడుపుతాడు. వాడి తాగుడు మాన్పించమని, పొద్దున్నే చేతులు వణుకుతున్నాయని, క్రేన్ కింద ఎవరికేమవుతుందోనని భయంగా ఉందని రాసుకుంది. కింద ప్రభువు మాట ఒకటి, ఎర్రగా.

జూలై 21, ఆదివారం

జాన్సన్‌ను క్రేన్ దింపేశారు. సూపర్‌వైజర్ ఫోన్లో వాళ్లమ్మ మాటలే చూపించాడట. వాడు బ్యాగు సర్దుకుని పులివెందులలో స్నేహితుడి గదికి వెళ్లిపోయాడు. తల్లి ఫోన్ ఎత్తడం లేదు.

బస్సెక్కి టీచర్ దగ్గరికి వెళ్లాను. వాడు క్రేన్ దిగడం ఒకందుకు మంచిదేనేమో అని దారిలో అనిపించింది. వెంటనే నా మీద నాకే అసహ్యం వేసింది.

స్క్రిప్టు, ఫిల్టరు అంటూ ఏదేదో వాగాను. తిడుతుందనుకున్నాను. టీ పెట్టి ఇచ్చింది.

"దేవునికి చెప్పుకున్న మాట అది, మే. ఊరందరికీ ఎట్ల పోయింది?" అంది.



జూలై 24

సరిచేశాను. ఇప్పుడు ఎవరేం రాసినా ఉత్త అక్షరాలే. ఎర్ర బటన్ పోయింది, టీచర్ పాత వాక్యాలన్నీ నల్లబడ్డాయి. అరపూట కూడా పట్టలేదు. ఛీ.

ఆగస్టు 18

నెల రోజులుగా ఖాళీగా ఉన్న పేజీలో ఈరోజు ఒక మనవి. రత్నమణి టీచర్‌ది.

"జాన్సన్ నాతో ఒక్క మాట మాట్లాడాల."

గడిలో టిక్ పెట్టలేదు. ఎవరైనా చదవొచ్చు. జాన్సన్ కూడా.