నీళ్ళని పేరు పెట్టిన డబ్బాలు

పురానాపూల్, హైదరాబాద్
ఆదివారం

అక్కకు, నీ తమ్ముడు శ్రీను దండం పెట్టి రాస్తున్నది.

నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ పిల్లలూ బాగున్నారని తలుస్తున్నాను. మీ అత్తమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గిందా? చిన్నోడి దగ్గు పోయిందా? చేతిలో ఫోనుండగా ఈ ఉత్తరమేంటని నవ్వకు. మీ ఇంట్లో ఫోన్ మోగితే బావ ఎత్తి స్పీకర్ పెడతాడు. నీ చేతికి వచ్చేసరికి సగం మాటలు ఆయనే ఆడేసి ఉంటాడు. అందుకే నీ అంగన్‌వాడీ అడ్రసుకు రాస్తున్నాను. ముందు నువ్వొక్కదానివే చదువు.

తిండికి లోటు లేదు. కింది వాటాలో ఇంటి ఓనరు మల్లమ్మ ఉంటుంది, ఆమెది పాల వ్యాపారం. పొద్దున్నే గ్లాసు నిండా బర్రె పాలు తెచ్చి గుమ్మంలో పెడుతుంది. "ఏంది శ్రీనూ, గిట్ల ఎండిపోతున్నవ్? మీ అక్క సూస్తే నన్ను తిట్టదా?" అంటుంది. గది రేకులది, మధ్యాహ్నం పెనం మీద ఉన్నట్టుంటుంది. సాయంత్రం మూసీ వైపు నుంచి కంపు గాలి వీస్తే కిటికీ మూసుకోవాలి. గదికి తిరిగొచ్చాక పలకరించే మనిషి ఉండడు. నీ గొంతు గుర్తొచ్చి ఏడుపొచ్చిన రోజులు కూడా ఉన్నాయి. అయినా బెంగ పెట్టుకోకు, నేను బాగానే ఉన్నాను.

ఇక ఉద్యోగం. కెమిస్ట్ ఉద్యోగమని నువ్వు వాడకట్టంతా చెప్పుకున్నావు కదా, ఆ గొప్పలన్నీ వెనక్కి తీసుకో. కార్వాన్‌లో ఒక పాత గోదాము. అందులో మా సేఠ్ అద్దాల మీద, బండల మీద జిడ్డు వదిలించే మందు కలిపించి ఊళ్ళకు పంపుతాడు. అందులో సగానికి పైగా స్పిరిటు, ఎసిటోన్. మిగిలింది నీళ్ళు, కాస్త నీలిరంగు, కాస్త మల్లెపూల సెంటు. దానికి ఆయన పెట్టిన పేరు షైన్ వాటర్. ఆ పేరంటే ఆయనకు సొంత కొడుకంత మురిపెం.

నా పనల్లా సరుకు బయల్దేరే ముందు అది ఏ రకం ప్రమాదమో తేల్చి, కాగితం మీద అసలు పేరు రాసి సంతకం పెట్టడం. ఇలా కలిపిన వాటికి మన ఇష్టమొచ్చిన పేరు రాయడానికి లేదక్కా. దాని ఆవిరి ఎంత వేడి దగ్గర నిప్పందుకుంటుందో పరీక్ష చేయించాలి. దాన్నిబట్టి వర్గం తేలుతుంది. మాది సులువుగా మండే ద్రవమని తేలింది. అదే పేరు రాసి, ప్రమాదం ఎందువల్లో తెలిసేలా పక్కనే స్పిరిటు, ఎసిటోన్ అని రాయాలి. ప్రతి డబ్బాకూ మంట బొమ్మ ఉన్న ఎర్ర గుర్తు అంటించాలి. మనుషులెక్కే బస్సులో అసలు వేయకూడదు. నేను ఉద్యోగంలో చేరిన వారానికే ఇదంతా సేఠ్‌కు చెప్పాను.

ఆయన డబ్బా మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని పీల్చాడు. ఆయన చేసే పరీక్ష అంతే.

"మల్లెపూల వాసనొస్తుంది. గిదేం మండుతది భాయ్? ఇండ్ల నీళ్ళు కలిపినం గదా. నీళ్ళకు అగ్గి అంటుతదా?"

"నీళ్ళు తక్కువ సేఠ్, మిగిలిందంతా మండేదే," అన్నాను.

"నీకు చదువెక్కువైంది. ఎర్ర బొమ్మ సూస్తే పార్సిలోడు బస్సెక్కిస్తడా? నేల తుడిసే నీళ్ళని రాయి. లొల్లి ఖతం."

నేను రాయలేదు. రాయకపోతే ఆగుతుందా? గుమాస్తా రాశాడు. ఆ మనిషికి స్పిరిటుకూ సాంబారుకూ తేడా తెలియదు, సంతకం మాత్రం తీగలు తీగలుగా పెడతాడు.

విచిత్రమేంటంటే, అబద్ధపు పేరు రాయించి రాయించి సేఠే దాన్ని నమ్మేశాడు. మొన్న శుక్రవారం పూజకు గుత్తెడు అగరబత్తీలు వెలిగించుకుని, ఆ డబ్బాల వరసలోనే తిప్పుకుంటూ వచ్చాడు. మూతలు తీసి నింపుతున్న సమయం. పరిగెత్తి వెళ్ళి ఆయన చేతిలోంచి లాక్కుని వీధిలో మురికి మోరీలో పడేశాను. లక్ష్మిని బయటికి తోసేశానని సాయంత్రం దాకా తిట్టాడు. బతికి ఉండి తిడుతున్నాడు కదా అనుకుని ఊరుకున్నాను. ఇలాంటి వాళ్ళ మీద కోపం కూడా దండగే అనిపిస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన వారం పార్సిల్ ఆటోలో బస్టాండుకు నేనూ వెళ్ళాను. డబ్బాలు ఎక్కించుకుంటున్న బస్సు చూస్తే మన కొత్తగూడెం బస్సు. డిక్కీ తెరిచి నిలబడ్డ డ్రైవరు ఎవరో కాదు, మన బావే. నన్ను చూసి ఎంత సంబరపడ్డాడో! చాయ్ తాగించాడు. బన్ను కూడా తినిపించాడు. ఆ డబ్బాల సంగతి చెబితే పకపక నవ్వాడు.

"గిసొంటివి మస్తు సూసిన బామ్మర్దీ. ఏం కాదు. స్టీరింగ్‌కు మొక్కి బండి తీస్త, దేవుడే సూసుకుంటడు."

పైన జనం, కింద ఆ డబ్బాలు, ముందు బావ. ఆ రాత్రంతా నాకు నిద్ర లేదు. బావంటే నాకు ప్రాణమేనక్కా, కానీ ఆ నవ్వు చూస్తే ఒళ్ళు మండింది. మా సేఠ్‌కు ఆశ, బావకు బద్ధకం. ఇద్దరూ కలిసి దేవుడి మీద భారం వేశారు.

నిన్నటి సంగతి విను. పొద్దున డబ్బాలు కట్టి సిద్ధంగా పెట్టాం. ఆటో కూడా వచ్చేసింది. అప్పుడు సేఠ్ లోపలి నుంచి ఆయాసపడుతూ వచ్చాడు.

"ఆగు, ఆగు! కొత్తగూడెం మాల్ ఇయ్యాల వద్దు. రేపటి బండికి ఎయ్యి."

"ఎందుకు సేఠ్?"

"నా బిడ్డ పోతుంది గా బస్సుల. పిల్లగాన్ని తీసుకొని అత్తగారింటికి."

"నీళ్ళే కదా సేఠ్?" అన్నాను.

ఆయన నా మొహం వైపు చూడలేదు. "నీళ్ళే. గని పసిపిల్లగాడు ఉన్నడు గదా," అన్నాడు.

అంటే లోలోపల తెలుసక్కా ఆయనకు. తన ఒంటి దాకా వచ్చినప్పుడు మరిచింది మనవడి దాకా వచ్చేసరికి గుర్తొచ్చింది. నమ్మాడనుకుని నేనే పిచ్చివాణ్ణయ్యాను. మల్లెపూలూ, నీళ్ళ కబుర్లూ అన్నీ ఊళ్ళోవాళ్ళ పిల్లలకు, సొంత మనవడికి మాత్రం అసలు పేరు. తెలియనివాణ్ణి చూస్తే జాలైనా కలుగుతుంది, ఈ మనిషిని చూస్తే చీదర పుట్టింది.

ఎర్ర గుర్తులు తెచ్చి, కొత్తగూడెం డబ్బాలకూ మిగతా ఊళ్ళకు పోయే డబ్బాలకూ అన్నిటికీ నా చేత్తో అంటించాను. కాగితం మీద అసలు పేరు రాసి సంతకం చేశాను. ఆటో డ్రైవరు మంట బొమ్మ చూడగానే "నక్కో భాయ్, నాకొద్దు" అని ఖాళీ బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. సేఠ్ అరిచిన అరుపులకు వీధిలోవాళ్ళు గోదాము ముందు మూగారు. రేపటి నుంచి రావద్దన్నాడు. నేను టిఫిన్ బాక్సు తీసుకుని వచ్చేశాను.

ఉద్యోగం పోయిందని కంగారు పడకు. ఇంకోటి వెతుక్కుంటాను. మల్లమ్మకు చెబితే "మంచిగ చేసినవ్, ఫికర్ చెయ్యకు, అన్నం నా ఇంట్ల తిను" అంది. కానీ రేపో మాపో ఆ గుమాస్తా ఎర్ర గుర్తులు గీకి పడేస్తాడు, డబ్బాలు మళ్ళీ బస్సు దగ్గరికి వస్తాయి. అక్కడ వాటిని ఆపగలిగిన మనిషి ఒక్కడే, అది బావ. పార్సిలు వేసుకుంటే చేతిలో పడే చిల్లర కోసం ఆయన వద్దనలేడని నాకు తెలుసు. నువ్వు చెబితే వింటాడేమో అని ఆశ.

వంటగది బండలకు ఆ మందు డబ్బా ఒకటి బావతో పంపమని అడిగావు. పంపను. చింతపండుతో రుద్దుకో. వీలైతే నాకు ఇంత మామిడికాయ తొక్కు పంపు, ఇక్కడ కొనే తొక్కులో ఉప్పు తప్ప ఏమీ లేదు.

మీ అత్తమ్మకు నా దండాలు, పిల్లలకు ముద్దులు. కొత్త పని దొరకాలని నువ్వు మనసులో దీవిస్తే నాకు చాలు. ఇప్పుడు బావను కూర్చోబెట్టి ఈ ఉత్తరం మొదటి నుంచి చదివి వినిపించు. కోపమొస్తే రానీ. మా సేఠ్ తన బిడ్డ కోసం ఒక్క రోజు డబ్బాలు ఆపాడు. ఆ బస్సులో రోజూ ఎవరో ఒకరి బిడ్డ ఉంటుంది. స్టీరింగ్‌కు మొక్కే ముందు డిక్కీ తెరిచి చూడమను.

ఎప్పటికీ నీ వాడే,
తమ్ముడు శ్రీను