వెనక గుమ్మం

వాల్పరైసో, చిలీ

అమ్మా, నేను క్షేమం. బస్సెక్కమని నువ్వు రాసినా ఊరంతా నడిచే చూస్తున్నాను.

నిన్న కొండమీది వీధిలో ఒక పాత ఇల్లు నచ్చి, ఎదురుగా గట్టుమీద కూర్చుని బొమ్మ గీస్తున్నాను. ఇంటావిడ తలుపు తీసి, "ఏమ్మాయ్, కొత్త పనిమనిషివి నువ్వేనా? ఇంత ఆలస్యమా! వెనక గుమ్మంలోంచి రా" అంది.

"చదువుకోవడానికి బ్రెజిల్ నుంచి వచ్చానండీ" అన్నాను.

"ఒంటిరంగు చూసి పొరపడ్డాలే. దానికే అంత మొహం మాడ్చుకోవాలా?" అని నవ్వి, గట్టుమీంచి లేచి వెళ్ళమంది! నాకు ఒళ్ళు మండిపోయింది. "బొమ్మ పూర్తయ్యేదాకా కదలను, పోలీసుల్ని పిలుచుకోండి" అన్నాను. చివరి కిటికీ దాకా గీశాకే లేచాను.

ఇక్కడ చలి. ఉన్ని శాలువా పంపు. జురేమా అక్కకి పురుడొచ్చిందా? నాన్న మోకాలి నొప్పి తగ్గిందా?

ఆ వీధికి మళ్ళీ వెళ్ళొద్దని మాత్రం రాయకు. కాలేజీకి అది చుట్టుదారే. అయినా రోజూ ఆ ఇంటి ముందునుంచే నడుస్తాను.

నన్ను దీవించు.

నీ లుజినేచి