హన్మయ్య పేర బియ్యం

నాచారం,
ఆగస్టు 2007

నానమ్మకు హిమజ నమస్కారాలు.

సర్పంచి ఇంటి ఫోన్‌లో దయ్యాల మాట ఎత్తవద్దన్నావు కాబట్టి ఉత్తరం. ఇక్కడ ఒక సినిమాకు కథ రాసే పని దొరికింది. బతుకమ్మ సెలవుల్లో పిల్లల్ని దయ్యం పట్టే హాస్య చిత్రం. నేను రాసిన దయ్యాన్ని చదివి దర్శకుడు పాండురంగగారు, "ఇది దయ్యమా, లైబ్రేరియనా?" అన్నారు. పెద్దలకు బియ్యమిచ్చే పెత్రమాస అమావాస్యకు షూటింగ్ మొదలు. అప్పటికి భయపెట్టే దయ్యం లేకపోతే పని మానేయాలట. మన ఊరి దయ్యం ఏదైనా చెప్పవా?

నీ మనవరాలు,
హిమజ

తా.క.: మర్యాద తెలిసిన దయ్యమైతే మేలు. రోజూ దానితోనే కూర్చోవాలి.

---

రేగులపల్లి

బిడ్డ హిమజకు శారదమ్మ దీవెనలు.

ఊరి దయ్యాలెందుకే, మనింట్లనే ఉన్నడు. మీ తాత తమ్ముడు హన్మయ్య. సొరకాయ పులుసు బాగలేదని ఒక్క మాటన్నడు, నేను పది అన్న. తినే పీట మీదినుంచి లేశి పోయిండు, మల్ల ఈ ఇంట్ల మెతుకు ముట్టలే. అప్పటిసంది పెత్రమాసకు మన పెద్దలతోని ఆయన పేర సుత అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇస్తున్న. ఒక ఏడు మరిస్తి. మర్నాడే కుండలన్ని పలిగినయి. పిల్లి అన్నరు గని, పిల్లికి గంత కోపముంటదా?

మీ నానమ్మ

తా.క.: సినిమాల ఇంటిపేరు, ఊరి పేరు సుత రాయించు. లేకుంటే వేరే హన్మయ్య ఎవడన్న వచ్చి మనోని బియ్యం తింటడు.

---

నాచారం

నానమ్మా, నీ దయ్యం పాసైంది.

నువ్వు చెప్పినట్టే 'రేగులపల్లి తాడెం హన్మయ్య వస్తున్నాడు' అని ఉప్పల్ నుంచి అంబర్‌పేట్ దాకా గోడలన్నీ పోస్టర్లే. కానీ వేషానికి వచ్చినవాళ్ళెవరూ భయపెట్టడం లేదు. హబ్సిగూడ కోచింగ్ సెంటర్ లెక్కల సారును చూసి మాత్రం పిల్లలు కొంచెం జడిశారు. ఇక దయ్యానికి కోరలు పెట్టి, పాటకు డాన్సు చేయిస్తారట. దయ్యం పండకపోతే తప్పు కథదే, అంటే నాదే.

దిగులుతో,
హిమజ

తా.క.: చిన్నతాతకు డాన్సు వచ్చా?

---

రేగులపల్లి

ఓ పిచ్చి బిడ్డా,

డాన్సా! మీ తాత పెండ్లి బారాత్‌లనే నిలవడ్డోడు కదల్లే. పెద్దోళ్ళను గిట్ల ఆడిపిస్తే ఊకుంటడా? మీ డైరెక్టరుకేం ఫికర్, కార్ల తిరుగుతడు. పట్టుకుంటే నిన్నే పట్టుకుంటడు. పెత్రమాస పొద్దుగాల స్టూడియో గేటు కాడ ఆయన పేర బియ్యమియ్యి. నువ్వు సిగ్గుతోని నోట్లనే గొణుగుతవు. గట్టిగ పిలువు, పరలోకం జర దూరం.

భయంతోని,
మీ నానమ్మ

తా.క.: అయ్యగారు దొరకకుంటే ఆ లెక్కల సారుకే ఇయ్యి. ఆయనకు సుత ఆకలైతది.

---

నాచారం,
పెత్రమాస

నానమ్మా,

గేటు దగ్గర అయ్యగారి ముందు బియ్యం, కూరగాయలు పెట్టాను. నువ్వులు, నీళ్ళు వదులుతూ పుట్టాక మొదటిసారి అరిచాను: "రేగులపల్లి తాడెం హన్మయ్య!"

"ఏందే?" అన్నారు వెనక నుంచి.

తెల్ల ధోవతి, పెద్ద మీసాలు, చంకలో మన పోస్టరు.

"నేనే హన్మయ్యను. అంబర్‌పేట్‌ల టైర్ల దుకాణం నాది. బతికున్నోనికి బియ్యమిస్తరానే? ఇచ్చేది ఇచ్చి, గా సొరకాయనా?"

అయ్యగారు బియ్యం అక్కడే వదిలేసి ఆటో ఎక్కారు. లైట్‌బాయ్‌లు నిచ్చెనలెక్కారు. పాండురంగగారు కారు కిందికి దూరి, అక్కడి నుంచే కేకేశారు: "హిమజా, దయ్యం దొరికింది! ఆయన్ను పోనివ్వకు!"

చిన్నతాత ఒప్పుకున్నారు. నా ఉద్యోగం నిలిచింది. ఆయన పోయారని నీకెవరు చెప్పారో అడిగాకే వేషం వేస్తారట.

నీ,
హిమజ

తా.క.: పోస్టులో ఆలస్యమని ఈ ఉత్తరం ఆయన చేతికే ఇచ్చి పంపుతున్నాను. నువ్వు సొమ్మసిల్లి లేచాకే చదువుతావని తెలుసు. కాసిని మంచినీళ్ళు తాగు.