పెట్రోలు పోయకముందు బరువు

జూన్ 3, మంగళవారం

పొద్దుటి నుంచి ముసురు. షెడ్డు ముందంతా బురద. పాత ఆఫ్‌రోడ్ బండికి కార్బరేటర్ బిగించాను. గట్లు ఎక్కడానికి, వాగులు దాటడానికి నలభై ఏళ్ల కిందట చేసిన బండి. లైట్లు, బ్యాటరీ, వెనక ఇనుప క్యారియర్, ఇంజన్ కింద మందపాటి రేకు నేను తగిలించినవే. సాయంత్రం మూటలు తూచే కాటా మీద పెట్టాను. ముందు చక్రం కాటా మీద, వెనక చక్రం అంతే ఎత్తు దిమ్మ మీద. తర్వాత వెనకది కాటా మీద, ముందుది దిమ్మ మీద. 58, 73. మొత్తం 131 కిలోలు.

జూన్ 5, గురువారం

వాన తెరిపిచ్చింది. బండి చూడ్డానికి సూదులావిడ వచ్చింది. కొండ మీది దొడ్లన్నీ తిరిగి పశువులకు సూదులు వేస్తుంది కాబట్టి అందరూ అలాగే పిలుస్తారు. నలభై ఎనిమిదేళ్లుంటాయి. నా భుజం దాకా కూడా రాదు. అన్నా, ఒకటే మాట, ఇది పడితే నేనొక్కదాన్నే లేపుకోగలనా, ఎంత బరువు అంది. తొంభై ఎనిమిది అన్నాను. నిజంగానా అంది. పాత కంపెనీ పుస్తకం తెరిచి చూపించాను. అచ్చులో 98 అనే ఉంది. పెట్రోలు, ఆయిలు, బ్యాటరీ, లైట్లు లేకుండా అని దాని కింద చిన్న అక్షరాల్లో ఉంది. ఆ అక్షరాల మీద నా బొటనవేలు అడ్డం పెట్టుకున్నాను.

బండి కొని తీసుకెళ్లింది.

రాత్రి మా ఆవిడకు చెప్పాను. పిండి సంచి తూచేటప్పుడు పిండి వదిలేసి చెబుతారా అంది.

జూన్ 6

నేను అబద్ధమాడలేదు. అచ్చులో ఉన్నదే చూపించాను.

జూన్ 14, శనివారం

కుండపోత. వాగు దాటుతుంటే రాయి మీద జారి సూదులావిడ పడిందట. బండి కాలి మీద పడింది. సైలెన్సర్‌కు పిక్క కాలింది. లేపబోతే కదల్లేదట. గొర్రెలు తోలుకొచ్చినతను చూసేదాకా గంటసేపు నీళ్లలో అలాగే ఉందట.

జూన్ 15

వెళ్లాను. మంచం మీద కాలు చాపుకుని ఉంది. నన్ను తిడుతుందనుకున్నాను. బండికేమీ కాలేదు కదా అన్నా, మంచి బండి, నేనే పనికిరాకుండా పోయాను అంది. తొంభై ఎనిమిదే కదా, పోయినేడు గోతిలో పడ్డ దూడను భుజాన వేసుకొచ్చినదాన్ని, ఇప్పుడు చూడు, ముసలి గేదెలా సంతకైనా పనికొస్తానా అని నవ్వింది. ఇక తిరగడం మానేసి ఆఫీసులో రిజిస్టర్లు రాసే సీటు అడుగుతుందట. ఉత్తరం రాసిపెట్టింది, శుక్రవారం ఇస్తానంది. పాతికేళ్లు తిరిగిన మనిషి.

టీ ఇప్పించింది. తాగి వచ్చాను.

జూన్ 17

షెడ్డు తెరవలేదు. ఎవరన్నా అడిగితే జ్వరమని చెప్పమన్నాను. ఆ బరువు కూడా నేనే మోయాలా అంది మా ఆవిడ.

జూన్ 19, గురువారం

నోటితో చెప్పే ధైర్యం లేక కాటా ఆటోలో వేసుకుని వాళ్లింటికి వెళ్లాను. కుర్చీ బయట వేయించుకుని కూర్చుంది. బండి ముందు చక్రం కాటా మీద పెట్టాను. ముల్లు చూసి యాభై ఎనిమిది అని తనే చదివింది. వెనక చక్రం డెబ్బై మూడు. కూడికలో ఆగిపోయి నా వైపు చూసింది. ఎప్పుడు తెలిసింది అంది. మీరు అడగడానికి రెండు రోజుల ముందే అన్నాను.

ఆ గంటసేపూ దాని కింద పడి నన్ను నేనే తిట్టుకున్నాను అంది. తర్వాత, మెకానిక్ గారూ, విప్పగలిగినవన్నీ విప్పేసి వెళ్లండి అంది. అన్నా అనలేదు. గారూ అంది.

క్యారియర్, రేకు విప్పాను. పాత హెడ్‌లైట్ తీసి చిన్నది పెట్టాను. మళ్లీ తూచాను. 112. నా మాట నమ్మలేదు, ముల్లు దగ్గరికి కుంటుకుంటూ వచ్చి తనే చూసుకుంది. నేను స్పానర్లు సర్దుకుంటుంటే లోపల ఉత్తరం చింపుతున్న చప్పుడు వినిపించింది.

జూలై 7, సోమవారం

ఉదయం ఆరున్నరకు సూదులావిడ కొండకు బయలుదేరింది. అదే బండి. దగ్గరదారైనా మా వీధిన రాలేదు, మిల్లు చుట్టూ తిరిగి వెళ్లిందట.