గుర్రపుడెక్క పూల ఫొటో

ఏమండీ,

మీ సంవత్సరీకం అయింది కదా అని మీ కెమెరా మన మనవరాలు పద్మకిచ్చాను. ఇవాళ నన్ను నిమ్‌పురా రైల్వే యార్డు వెనక చెరువుకి లాక్కెళ్లింది. గుర్రపుడెక్క చెరువంతా మింగేసి, పైన ఊదాపూలు పెట్టుకుని సిగ్గులేకుండా అందంగా ఉంది.

పిల్ల తల వంచి, కెమెరా పైనున్న అద్దంలోకే చూస్తూ గట్టున పక్కకి జరిగింది. అందులో కుడిఎడమలు తారుమారవుతాయి కదా, నీళ్లకు దూరంగా వెళ్తున్నాననుకుని నీళ్లలోకే అడుగేసింది. ఆకులు విడిపోయి మోకాలి దాకా దిగిపోయింది. జడ పట్టి లాగాను.

“ఏటి నాన్నమ్మా, పొటో పాడుసేసినావు!”

“గోడ మీద మీ తాత పక్కన నీ పొటో కూడా పెట్టమంటావేటే?”

పిల్ల రేపు మళ్లీ వెళ్తానంటోంది. అద్దం సంగతి నేర్పాను. అయినా జడ మాత్రం నా చేతిలోనే ఉంటుంది.