తారకి రెండో టెస్టు

ఫిబ్రవరి 10
స్లైడ్ మీద ఏమీ కనిపించలేదట. మూడు రోజులు వరసగా పొద్దున్నే కళ్ళె పట్టి ఇచ్చాను, మైక్రోస్కోపులో మూడూ శుభ్రం. మురళి ఊపిరి పీల్చుకున్నాడు. "చెప్పానా, సీడర్ పుప్పొడి అలర్జీయే." డాలస్ చుట్టుపక్కల జనవరి దగ్గుకి అందరూ పెట్టే పేరే అది. మా ఆయన ఆ చెట్టు మీద కేసు వేసేలా ఉన్నాడు. మరి ఎక్స్‌రేలో ఆ మచ్చ ఏమిటి?

ఫిబ్రవరి 11
ఉంది. టీబీయే.
అవే కళ్ళెలు ఇంకో మెషిన్‌లో పెట్టారట. అందులో క్రిమి కంటికి కనిపించనక్కర్లేదు, దాని జీన్ ముక్క దొరికితే చాలు. రెండు గంటల్లో తేల్చేసింది. మా పెద్ద మేనత్తకి తేలడానికి నెలలు పట్టింది. డాక్టరు ఎక్స్‌రేని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుని "చూద్దాం" అనేవాడట, ప్రతిసారీ. ఇక్కడ చూద్దాం అనేవాళ్ళు లేరు. నాకేమో ఇంకో రెండు రోజులు ఎవరైనా ఆ మాట అంటే బాగుండునని ఉంది.

ఫిబ్రవరి 12
పడకగదిలో నేను. హాల్లో మురళి. గుమ్మం దగ్గర ప్లేటు.
మంచం నుంచి కిటికీకి ఆరడుగులు. మళ్ళీ ఆరు. హెల్త్ డిపార్ట్‌మెంట్ నర్సు గ్లోరియా కిటికీ తెరిచే ఉంచమంది. రోజూ వీడియోకాల్‌లో ఆమె చూస్తుండగా మాత్రలు మింగాలి. మింగాక నోరు తెరిచి చూపించాలి. నలభై ఏళ్ళదాన్ని.

ఫిబ్రవరి 13
గ్లోరియా లిస్టు అడిగింది. ఈ మూడు నెలల్లో తలుపులు మూసిన గదిలో నాతో గంటలకొద్దీ ఉన్నవాళ్ళ పేర్లు. మురళి గుమ్మం అవతల నిలబడి వద్దు వద్దని తల ఊపుతున్నాడు. సంపాదించకూడని హెచ్-ఫోర్ వీసా మీద ఉండి ఇంట్లో పాట క్లాసులు, పైగా ఫీజులు... అదీ అతని భయం. నేను వీసా సంగతి ఎత్తితే, మీ వీసాతో నాకు పని లేదు, నాకు పిల్లల పేర్లు కావాలి అంది గ్లోరియా.
పదకొండు పేర్లు చెప్పాను. చివర్లో పన్నెండోది. తార. నా దగ్గర పాట నేర్చుకునే మైరాకి చెల్లెలు, ఇంకా మూడేళ్ళు నిండలేదు. దానికి పాట రాదు. అక్క పాడుతున్నంతసేపూ నా ఒళ్ళో కూర్చుని నా గాజులు లెక్కపెట్టేది.
"గొంతులోంచి కాదు, గుండెల నిండా గాలి పీల్చి పాడండి." వారానికి రెండుసార్లు నేనే చెప్పాను పిల్లలకి.
ఈ మధ్య యాంటీబయాటిక్స్ ఏమైనా వాడారా అని అడిగింది. లేదన్నాను.

ఫిబ్రవరి 14
వాడాను. డిసెంబరులో. ఇండియా నుంచి తెచ్చుకున్న మందుల జిప్‌లాక్ సంచీ లేని తెలుగిల్లు ఈ అపార్ట్‌మెంట్లలో ఒక్కటి చూపించమనండి. జ్వరానికొకటి, విరేచనాలకొకటి, గొంతు నొప్పికొకటి. అందులోంచి తీసి లీవోఫ్లాక్సాసిన్ వేసుకున్నాను, రోజుకొకటి, ఎనిమిది రోజులు. మళ్ళీ పనికొస్తాయని రెండు దాచాను కూడా, పెద్ద తెలివైనదాన్నని. దగ్గు తగ్గింది. సాయంత్రం జ్వరం పోయింది. జనవరిలో క్లాసు మొదలుపెట్టాను.

ఫిబ్రవరి 17
హెల్త్ వాళ్ళు ఎవరి వల్ల అన్నది చెప్పరట. నేనే తార వాళ్ళమ్మ స్వప్నకి ఫోన్ చేశాను. తనకి ఎవరో చెప్తే తెలియడం బాగుండదు. "మీరే చెప్పిన్రు, మంచిగైంది అక్కా" అంది. పక్కన తార ఆంటీ, ఆంటీ అంటూ ఫోన్ లాక్కుంటోంది. కట్ అయింది. లేదా కట్ చేసింది.

ఫిబ్రవరి 20
తార ఎక్స్‌రే బాగుందని క్లాసు తల్లుల వాట్సాప్ గ్రూపులో పెట్టింది స్వప్న. రక్తం టెస్టు నెగటివ్. మురళి పండగ చేసుకున్నాడు.
కాదు. క్రిమి ఒంట్లో చేరినా రక్తంలో ఆనవాలు తేలడానికి ఎనిమిది వారాల దాకా పట్టొచ్చట. ఏప్రిల్‌లో రెండో టెస్టు చేస్తేగానీ ఏదీ చెప్పలేరు. అంత చిన్నపిల్లకి జబ్బు వస్తే చాలా త్వరగా ముదురుతుందట, అందుకని అప్పటిదాకా రోజూ మందు. స్వప్న యాపిల్ సాస్‌లో కలిపి పెడుతోందట. ఉమ్మేస్తోందట.
క్లాసులో పిల్లలతో కూర్చునే ఇద్దరు తల్లులేమో తమకి టెస్టే వద్దన్నారట. చిన్నప్పుడు బీసీజీ టీకా వేశారు, మాకెప్పుడూ పాజిటివే వస్తుంది అని. అది చేతి మీద పొడిచే పాత టెస్టు సంగతి, ఈ రక్తం టెస్టు బీసీజీకి మోసపోదు అని గ్లోరియా ఓపిగ్గా చెప్పిందట. నేనూ పదేళ్ళుగా అందరికీ అదే బీసీజీ కబురు చెప్తూ వచ్చాను.

ఫిబ్రవరి 22
కూర్చోలేను. పడుకోలేను. ఆరడుగులు, ఆరడుగులు.
చదవకూడదనుకుంటూనే చదివాను. నేను వేసుకున్న మాత్ర టీబీ మీద కూడా కొంత పనిచేస్తుందట. జబ్బుని చంపకుండా దాచిపెడుతుంది. ల్యాబులో పెంచుతున్న నా క్రిమి దానివల్ల పెరక్కపోవచ్చు. పెరక్కపోతే ఏ మందుకి లొంగుతుందో ఎవరు చెప్తారు? ఒక మందుకి లొంగుతుందని ఆ రెండు గంటల మెషినే చెప్పింది. మిగతావి? తారకి పెడుతున్నది? పెరిగిన దానిలో మొండితనం వచ్చి ఉంటే?
మురళి అంటాడు, "ఇప్పుడు చెప్తే అబద్ధం చెప్పామని రాసుకుంటారు." చెప్పాం అంటున్నాడు, పాపం. చెప్పింది నేను.

ఫిబ్రవరి 23
చెప్పేశాను. పొద్దున మాత్రలు మింగే కాల్‌లోనే, ముందు ఆ రెండు మాత్రల స్ట్రిప్ కెమెరాకి చూపించి. గ్లోరియా ఆ మందు పేరు అక్షరం అక్షరం రాసుకుంది. ఏ రోజు నుంచి, ఏ రోజు దాకా. అయితే పెరిగేదాకా ఆగొద్దు, నేరుగా క్రిమి జీన్లు చదివే ల్యాబుకి ఇవాళే పంపిస్తాను అంది. చెప్పినందుకు థాంక్స్ కూడా చెప్పింది. తిట్టినా బాగుండేది.

మార్చి 3
రిపోర్టు. మందులకి ఎదురుతిరిగే మార్పులేవీ దొరకలేదట. తారకి పెడుతున్నది సరైనదే.
బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. ఐదు నిమిషాలు. తర్వాత మళ్ళీ ఏప్రిల్ గుర్తొచ్చింది.

మార్చి 9
ఇక నా నుంచి ఎవరికీ అంటదు. గదిలోంచి రావచ్చు. వచ్చి హాల్లో ఏం చేయాలో తెలియక మళ్ళీ గదిలోకే వెళ్ళాను.

మార్చి 21
ఐదు పౌండ్లు పెరిగానట. ఎవడిక్కావాలి.

ఏప్రిల్ 6
ఇవాళ తారకి రక్తం తీశారు. ఎల్లుండి తెలుస్తుంది.
సాయంత్రం ఇండియన్ స్టోర్‌లో, పెరుగు డబ్బాల దగ్గర స్వప్న. కార్ట్‌లో తార, మోచేతి మడతలో బొమ్మల బ్యాండేజీ. నన్ను చూడగానే రెండు చేతులూ చాపింది. ఎత్తుకోవచ్చు నేను, గ్లోరియా ఎప్పుడో చెప్పింది. నా చేతులు లేవలేదు. స్వప్న కార్ట్ వెనక్కి లాగలేదు, ముందుకీ తోయలేదు.
"ఒక్కటి అడుగుతా అక్కా. జనవరిల క్లాస్ స్టార్ట్ చేసినప్పుడు మీకు డౌట్ ఉండెనా?"
ఇంతవరకు ఎవరూ అడగలేదు ఇది. లేదనడం ఎంత తేలిక.
"ఉంది" అన్నాను. క్లాసుకి ముందు రోజు దగ్గితే టిష్యూ మీద ఎర్రగా పడిందని చెప్పాను. గొంతు ఎండిపోయి అయి ఉంటుందనుకున్నాను. అలా అనుకోవాలని అనుకున్నాను.
ఈ సంగతి ఇప్పటిదాకా ఈ డైరీలో కూడా రాయలేదు.
స్వప్న ఒక పెరుగు డబ్బా తీసుకుని, డేట్ చూసి, కార్ట్‌లో పెట్టుకుంది. తార చేతులు ఇంకా చాపే ఉన్నాయి.

ఏప్రిల్ 8
రిజల్టు వచ్చే ఉంటుంది ఈపాటికి, స్వప్న గ్రూపులో ఏమీ పెట్టలేదు. గ్లోరియాని అడిగాను. అది వాళ్ళమ్మ చెప్పాలి, నేను చెప్పకూడదు అంది.